మామయ్య నాలుక

మా మామయ్య టీ రుచి చూసే పద్ధతి చూస్తే మర్యాదస్థులెవరైనా లేచి వెళ్ళిపోతారు. స్పూనుతో డికాక్షన్ తీసి, వీధిలోకి వినబడేలా జుర్రుమని లోపలికి లాగి, బుగ్గల్లో అటూ ఇటూ తిప్పి, పక్కనున్న తొట్టిలోకి తుపుక్కున ఉమ్మేస్తారు. ఆ తరవాత ఒక మాట అంటారు. ఆ మాట మీదే మా కొట్టు నడుస్తుంది. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఆ చప్పుడు విని, పెద్దాయనకేదో అయిందనుకుని వంటింట్లోంచి పరుగెత్తుకెళ్ళాను. నా కంగారు చూసి అత్తయ్య నవ్వలేక కుర్చీలో కూలబడింది.

కింద టీ పొడి కొట్టు, పైన ఇల్లు. కొట్టు వెనక, పక్క సందులోకి పెద్ద కిటికీ ఉన్న గది మామయ్యది. ఏటా వానలు పడ్డాక తోటల నుంచి కొత్త ఆకు శాంపిళ్ళు వస్తాయి. ఏ తోట ఆకులో ఏ తోట ఆకు ఎంత కలిపితే మా కొట్టు టీ అవుతుందో ఆ కొద్ది నెలల్లోనే తేలాలి. అక్కడ తప్పితే ఏడాదంతా తప్పినట్టే. పొద్దుటి నుంచి బల్ల మీద వరసగా కప్పులుంటాయి. అన్నీ మింగుతూ పోతే మనిషి నిలబడలేడు, నాలుక మొద్దుబారిపోతుంది. అందుకే ఉమ్మడం. ఈ పని చేసేవాళ్ళందరూ చేసేదే. ఆ కప్పులు పారబోస్తాం, అమ్మే పొడి దరిదాపులకి కూడా ఆ స్పూను వెళ్ళదు. ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, వీడియో గొడవ జరిగిన ఏడు ఈ సంగతి ఊళ్ళో కనబడ్డ ప్రతి మనిషికీ చెప్పి చెప్పి మా నోళ్ళు నొప్పెట్టాయి.

వీడియో తీసింది మా ఆయనే. వాళ్ళ నాన్న పనితనం లోకం చూడాలని ముచ్చటపడి, కాస్త నిడివిగానే తీసి, కొట్టు పేరు మీదున్న పేజీలో పెట్టాడు. నీళ్ళు కాగడం దగ్గర్నుంచి తొట్టి కడగడం, పొడి గోతాలకెత్తడం దాకా అన్నీ ఉన్నాయందులో. పాత ఖాతాదారులు కొందరు చూసి బాగుందన్నారు. అంతటితో అయిపోయిందనుకున్నాం.

ఎవడో, వాడెవడో ఇప్పటికీ తెలియదు, అందులోంచి ఉమ్మే ముక్క ఒక్కటి కత్తిరించాడు. దాని పక్కన గోతాల్లోకి పొడి ఎత్తే ముక్క అతికించాడు. పైన పెద్ద అక్షరాలతో, "వీళ్ళు మన టీలో ఉమ్మి మనకే అమ్ముతున్నారు, అందరికీ చేరేదాకా పంపండి" అని రాశాడు.

'వీళ్ళు' అన్న మాట దగ్గరే నాకు ఒళ్ళు మండిపోయింది. మామయ్య తాతగారెప్పుడో కొండల అవతలి నుంచి వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడ్డారట. ఆ సంగతి మా ఇంట్లోనే అందరూ మరిచిపోయారు. ఆ వీడియో పుణ్యమా అని ఊరందరికీ గుర్తొచ్చింది.

మాకు ముందు చెప్పింది ఎదురుగా ఉన్న సెలూన్ ఆయన. సబ్బు నురగ చేత్తోనే రోడ్డు దాటి వచ్చి, ఫోన్ నా ముందు పెట్టాడు.

"నేను వెతకలేదమ్మా, ఒట్టు. దానంతటదే వచ్చింది. మా ఆవిడకీ వచ్చింది. మా బావమరిదికీ వచ్చింది."

"మీరు రోజూ సందులోంచి పోతూ కిటికీలోంచి చూస్తూనే ఉంటారుగా అన్నయ్యా. అలా చేస్తారని మీకు తెలియదూ?"

"నాకు తెలుసమ్మా. నాకు తెలిస్తే సరిపోతుందా?" అని నీళ్ళు నమిలాడు. ఆ వారం నుంచి ఆయన సెలూన్లోకి టీ మా పొడితో కాయడం మానేశారు. అడిగితే ఖాతాదారులు ఒప్పుకోవడం లేదన్నాడు.

మర్నాడు పొద్దున షట్టర్ తీయబోతే కొట్టు మెట్ల నిండా ఉమ్ములు. రాత్రి పోతూ పోతూ జనం ఉమ్మేసి వెళ్ళారు. నేను బకెట్ తెచ్చేసరికి అత్తయ్య అందుకుంది.

"నేను కడుగుతానత్తయ్యా, ఇవ్వండి."

"వద్దులే. నువ్వు కోపంతో కడుగుతావు, మెట్టు అరిగిపోతుంది."

నవ్వించడానికే అంది. కాని కడిగిన మెట్టునే మళ్ళీ మళ్ళీ కడిగింది. అప్పటి నుంచి రోజూ అదే పని. ఎవరూ చూడకముందే, మామయ్య కిందికి దిగకముందే కడిగేయాలని ఆవిడ పంతం. మామయ్యకు తెలియదనుకుని మేమూ ఊరుకున్నాం. తెలుసని తరవాత తెలిసింది.

మా పేజీ ఉన్న ఆ వీడియోల కంపెనీకి ఫిర్యాదు చేయడానికి ఫోన్లోనే ఒక బొత్తం ఉంటుంది. మా ఆయన నొక్కాడు, నేను నొక్కాను, మా పుట్టింటివాళ్ళందరిచేతా నొక్కించాను. ప్రతిసారీ ఒకటే జవాబు. "మీ ఫిర్యాదుకు ధన్యవాదాలు. పరిశీలించాం. మా నియమాలకు విరుద్ధంగా ఇందులో ఏమీ లేదు."

"ధన్యవాదాలు దేనికట?" అంది అత్తయ్య.

"మర్యాదకి," అన్నాడు మా ఆయన.

"ఆ మర్యాద తీసుకెళ్ళి మెట్ల మీద పొయ్యమను, ఒక బకెట్ నీళ్ళన్నా కలిసొస్తాయి."

మా ఆయన పరిస్థితి చూడలేకపోయేదాన్ని. వీడియో తీసింది తనే గనక, అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండేవాడు, ముద్ద నోటికి పోయేది కాదు. మామయ్య ఒక్కసారి కూడా కొడుకుని పల్లెత్తు మాట అనలేదు. "మంచి వీడియోరా అది. వెలుతురు బాగా పడింది," అన్నారు ఒకరోజు. ఆ మాటతో మా ఆయన లేచి బయటికెళ్ళిపోయాడు.

ఇంటి మీదికి ఇంత వచ్చినా నాకసలు భయం పట్టుకున్నది ఇంకోచోట. శాంపిళ్ళు రావడం మొదలైంది. మామయ్య కిటికీ తలుపులు మూసుకుని లోపల కూర్చునేవారు. జుర్రుమన్న చప్పుడు వినబడేది. దాని తరవాతి చప్పుడు వినబడేది కాదు. కప్పులు తీయడానికి వెళ్తే తొట్టి పొడిగా ఉండేది.

"మామయ్యా, మింగేస్తున్నారా?"

"ఆఁ. అదీ ఒక అలవాటేలే," అన్నారు నా వైపు చూడకుండా.

మింగడమంటే ఒకటీ రెండూ కాదుగా. చేతులు వణకడం మొదలైంది. నిద్ర పోయింది, ఆకలి పోయింది. వాటన్నిటికంటే నన్ను హడలగొట్టింది ఆయన నోటి మాట. మామూలుగా మామయ్య మెచ్చుకునే మనిషి కాదు. పది కప్పుల్లో తొమ్మిదింటిని తిట్టిపోసేవారు. ఇది తడిసిన గోతం, ఇది కాలిన అట్టముక్క, ఇది పంపినవాణ్ణి ఇటు రమ్మను, ఇలా ఉండేది వరస. అలాంటిది ఇప్పుడు ఏ కప్పు గురించి అడిగినా "బాగుంది" అనేవారు. మా ఆయన ఒకసారి ఒకే ఆకుని రెండు కప్పుల్లో పోసి, ఒకదాన్ని కావాలని ఎక్కువసేపు మరిగించి పెట్టాడు. రెండూ బాగున్నాయన్నారు. మేమిద్దరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

కేసు వెయ్యమన్నది సగం పాకెట్ లాయరమ్మ. ఎప్పుడొచ్చినా సగం పాకెట్టే కొంటుంది గనక ఆ పేరు నేనే పెట్టాను, ఆవిడకు తెలియదు. ఊళ్ళో చాలామంది రావడం మానేసినా ఆవిడ మానలేదు.

"ఎవరి మీద వేస్తామమ్మా? కత్తిరించినవాడెవడో తెలియదు కదా," అన్నారు మామయ్య.

"వాణ్ణి పట్టుకోవడం పోలీసుల పనండీ. వాడు చేసింది ఒక్క ముక్క. దాన్ని మోసుకెళ్ళి ఇంటింటా పడేసిందెవరు? మీరు ఫిర్యాదు చేసినా ఆపనిదెవరు? నేను వాళ్ళ సంగతి అడుగుతున్నాను."

"అంత పెద్ద కంపెనీతో మనకెందుకమ్మా."

"వాళ్ళు పెద్దవాళ్ళని మీ మెట్లు కడగడం తగ్గుతుందా?"

మామయ్య తలెత్తి అత్తయ్య వైపు చూశారు. అత్తయ్య కిటికీ వైపు చూసింది. అప్పుడే మాకు తెలిసింది, ఆయనకు మెట్ల సంగతి తెలుసని. "సరే, వెయ్యండి," అన్నారు.

ఒక మధ్యాహ్నం వాన దంచికొడుతుంటే ఎవరో అమ్మాయి వచ్చింది. కొట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. గొడుగు ముడిచి గడప దగ్గరే నిలబడింది. ఏం కావాలంటే చెప్పదు, వెళ్ళిపోదు. కొత్తవాళ్ళెవరొచ్చినా ఫోన్ తీసి వీడియో పడతారేమోనని భయం నాకు అప్పట్లో. కాస్త గట్టిగానే అడిగాను, ఏం కావాలని.

"ఏం వద్దక్కా. మీ ఫిర్యాదులు చూసింది నేనే," అంది.

నాకు ముందు అర్థం కాలేదు. ఆ కంపెనీకి వచ్చే ఫిర్యాదులు చూసి, ఏది ఉంచాలో ఏది తీసేయాలో చెప్పే పని ఆ అమ్మాయిదట. మన భాష వచ్చినవాళ్ళు వాళ్ళ ఆఫీసు పెద్ద హాల్లో పట్టుమని కొందరే ఉన్నారట. ఒక్కోదానికి కొన్ని క్షణాలకంటే ఎక్కువ ఇవ్వరట.

"మీది మాత్రం ఆపి చూశానక్కా. ఎక్కడో అతుకు కనబడింది. మీ పేజీకి వెళ్ళి పూర్తిది చూశాను. తీసేయాలని పెట్టాను. మళ్ళీ నా ముందుకే తిరిగొచ్చింది. మళ్ళీ తీసేయాలనే పెట్టాను."

"మరి మాకు 'ఏమీ లేదు' అని ఎందుకొచ్చింది?"

"జనం ఎగబడి చూసేవి పైవాళ్ళ దగ్గరికి వెళ్తాయి. పైనుంచి 'ఉంచండి' అని వచ్చింది." గొడుగులోంచి నీళ్ళు కారి నేలంతా తడుస్తున్నాయి. "మీరు కేసు వేశారని విన్నాను. ఇది నేను చెబితే పనికొస్తుందేమోనని వచ్చాను."

"చెబితే నీ ఉద్యోగం ఏమవుతుంది?"

"పోతుందక్కా," అంది మామూలుగా.

నేను కౌంటర్ దాటి వెళ్ళి ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. అన్ని వారాలుగా ఒక్క మనిషి, మాకు బొత్తిగా తెలియని మనిషి, ఎక్కడో కూర్చుని మా గురించి 'ఇది తప్పు' అని చెబుతూనే ఉందన్నమాట. ఆ క్షణంలో కోర్టు, కేసు ఏవీ గుర్తు లేవు నాకు. ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు. మామయ్య లోపల్నుంచి వచ్చి, సంగతంతా విని, వెళ్ళి ఆ అమ్మాయికి టీ కాచి తెచ్చారు. ఎవరు తాగుతారో ఎవరు తాగరోనని కొట్లో టీ ఇవ్వడం మానేసి అప్పటికి చాలా రోజులైంది. ఆ అమ్మాయి చివరి చుక్కదాకా తాగి కప్పు ఖాళీ చేసింది.

కోర్టు గది ఇరుకు. పైన ఫ్యాను తిరిగితే తిరిగేది, లేకపోతే లేదు. కంపెనీ లాయరు మాత్రం మంచి మాటకారి. ఆయన మాట్లాడుతుంటే తప్పు మాదేనేమోనని నాకే అనిపించింది.

"మా కంపెనీ ఒక గోడలాంటిదండీ. గోడ మీద ఎవరో ఏదో రాస్తారు. రాసినవాణ్ణి వదిలేసి గోడను శిక్షిస్తామా?"

అత్తయ్య నా చెవిలో చెబుతున్నాననుకుని గదంతా వినబడేలా అంది: "గోడైతే ఉన్నచోటే ఉండాలిగా. ఇది అందరిళ్ళకీ వెళ్ళి తలుపు కొట్టిందేం?"

బంట్రోతు ఉరిమి చూశాడు. అత్తయ్య నాలుక కరుచుకుంది. జడ్జిగారు మాత్రం కళ్ళజోడు పైనుంచి ఆవిణ్ణి ఒకసారి చూసి, కంపెనీ లాయరు వైపు తిరిగారు.

"ప్రశ్న బాగానే ఉంది. చెప్పండి. ఈ వీడియోను వెతుక్కుని చూసినవాళ్ళెంతమంది? మీరు చూపిస్తే చూసినవాళ్ళెంతమంది?"

"ఆ వివరాలు కనుక్కుని చెప్పాలండీ."

"కనుక్కోండి. ఈలోగా సాక్షిని విందాం."

ఆ అమ్మాయి బోనెక్కి, కొట్లో నాతో చెప్పిందే చెప్పింది. ఒక మాట పెంచలేదు, తగ్గించలేదు. ఎవరి మీదా విరుచుకుపడలేదు. 'ఉంచండి' అనడానికి కారణం ఏం చెప్పారని జడ్జిగారు అడిగితే, "జనం బాగా చూస్తున్నారని చెప్పారండీ," అంది. కంపెనీ లాయరు ఏవేవో అడిగాడు, రహస్యాలు బయటపెట్టడం నేరమని బెదిరించాడు. "తెలుసండీ," అని ఊరుకుంది.

అప్పుడాయన ఇంకో దారి పట్టాడు. వీళ్ళ కొట్టు తెరిచే ఉంది కదా, అమ్మకాలు కొద్దికొద్దిగా పుంజుకుంటున్నాయి కదా, మరి నష్టమేమిటని. జడ్జిగారు మామయ్యను పిలిచారు.

"మీరు రుచి చూసినప్పుడు ఎందుకు ఉమ్మాలి?"

మామయ్య చెప్పారు. చెప్పడం మొదలుపెట్టాక గొంతులో పాత కులాసా కాస్త వచ్చింది. కప్పులు, నాలుక, తొట్టి, అన్నీ చేతులతో చూపించారు. జడ్జిగారు ఆసక్తిగా విన్నారు.

"ఇప్పుడూ అలాగే చేస్తున్నారా?"

"లేదండీ. ఆ వీడియో వచ్చాక మానేశాను. మింగేస్తున్నాను."

"మింగితే నాలుక మొద్దుబారుతుందన్నారుగా?"

మామయ్య బోను కర్రను ఒకసారి నిమిరారు.

"మొద్దుబారిందండీ. ఏది ఏ ఆకో తెలియడం లేదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు," అన్నారు.

మా ఆయన తల దించుకున్నాడు. అత్తయ్య మామయ్యనే చూస్తూ కూర్చుంది. మా లాయరమ్మ ఏదో అడగబోయి కాగితాలు కింద పెట్టేసింది. జడ్జిగారు ఏదో రాసుకుని, "మీరు కూర్చోండి," అన్నారు. అంతకంటే ఏమీ జరగలేదు ఆ రోజు.

సీజను దాటిపోతుందని మా లాయరమ్మ పట్టుబట్టడంతో తీర్పు తొందరగానే వచ్చింది. నువ్వు గోడవి కావు, ఎవరి ముందు ఏది పెట్టాలో ఎంచి మరీ పెట్టినవాడివి, అందులో నీ బాధ్యత ఉంది అని దాని సారాంశం. ఆ ముక్క తీసేయాలి. దాన్ని ఎంతమంది ముందుకు తీసుకెళ్ళారో అంతమంది ముందుకూ పూర్తి వీడియోను, కోర్టు మాటతో కలిపి, తీసుకెళ్ళాలి. ఫిర్యాదును తోసిపుచ్చితే, ఏ కారణంతో తోసిపుచ్చారో ఇకమీదట చెప్పాలి. పై కోర్టుకు వెళ్తామన్నాడు కంపెనీ లాయరు. వెళ్ళండి, ముందు ఇది చేసి వెళ్ళండి అన్నారు జడ్జిగారు.

మా లాయరమ్మను ఎలా సన్మానించాలో తెలియక అత్తయ్య పెద్ద పాకెట్లు మోయలేనన్ని ఇచ్చింది. ఆవిడ ఒకటే తీసుకుని, "ఇంట్లో తాగేది నేనొక్కదాన్నేనండీ," అంది. ఆవిడకి నేను పెట్టిన పేరు గుర్తొచ్చి సిగ్గేసింది.

పూర్తి వీడియో ఊరి మీదికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. బస్సులో, బేకరీ ముందు, స్కూలు గేటు దగ్గర, ఎక్కడ చూసినా ఫోన్లలోంచి మామయ్య జుర్రుమంటున్నారు. అందరూ మారిపోయారని చెబితే అబద్ధం. కొందరు ఇప్పటికీ మా కొట్టు ముందు నుంచి మొహం తిప్పుకునే వెళ్తారు. కాని మర్నాడు పొద్దున అత్తయ్య బకెట్ తీసుకుని దిగితే మెట్లు పొడిగా ఉన్నాయి. తీసుకెళ్ళిన నీళ్ళు ఏం చెయ్యాలో తోచక ఆవిడ కాసేపు అక్కడే నిలబడింది.

మామయ్య మాత్రం ఆ గదిలోకి వెళ్ళడమే మానేశారు. కోర్టు నుంచి వచ్చాక టీ ముట్టలేదు. డాక్టరు కూడా కొన్నాళ్ళు వద్దన్నాడు. నిద్ర వచ్చింది, ఆకలి వచ్చింది, చేతులు నిలిచాయి. శాంపిళ్ళు మాత్రం బల్ల మీద పేరుకుపోయాయి. ఏదో ఒకటి చెప్పండని తోటలవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. నాలుక తిరిగి రాకపోతే పాత లెక్కతోనే గుడ్డిగా కలపాలి, లేదా కొట్టు ఎవరికైనా అప్పగించాలి. ఆ మాట ఎవరం అనలేదు గాని, అందరి మనసుల్లోనూ అదే.

శాంపిళ్ళ గడువు ఆఖరి వారంలో ఒక పొద్దున, టిఫిను అయ్యాక, మామయ్య తనంతట తానే వెళ్ళి పొయ్యి మీద నీళ్ళు పెట్టారు. నేను పరుగెత్తి కప్పులు పేర్చాను. అత్తయ్య వచ్చి కిటికీ తలుపులు బార్లా తెరిచింది.

"మూసెయ్యి," అన్నారు మామయ్య.

"మూయను," అంది అత్తయ్య.

సందులో సెలూన్ ఆయన, వాళ్ళావిడ, ఇంకా ఎవరెవరో ఆగారు. ఆ అమ్మాయి కూడా ఉంది. అప్పటికి మందుల షాపులో చేరింది, పనికి పోతూ దారిలో ఆగింది. మామయ్య వాళ్ళను చూశారు, కప్పును చూశారు. స్పూను ముంచి జుర్రుమని లాగారు. బుగ్గల్లో తిప్పారు. తిప్పుతూనే ఉన్నారు. మింగుతారేమోనని నేను ఆయన గొంతు వైపే చూస్తున్నాను. మా ఆయన గుమ్మం పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.

మామయ్య తొట్టి వైపు వంగి ఉమ్మేశారు.

మొహం ముడుచుకుంది. స్పూను బల్ల మీద కొట్టారు. "ఇది ఆకా, ఎండుగడ్డా? ఎవడు పంపాడు దీన్ని? మనుషులు తాగేదనుకున్నాడా, పశువులు తినేదనుకున్నాడా?"

అత్తయ్య రెండు చేతులతో కళ్ళు ఒత్తుకుంది. ఆవిడ భుజాలు కదిలిపోతున్నాయి, నవ్వో ఏడుపో తెలియలేదు.

"ఇంకోసారి అనండి," అంది.

మామయ్య రెండో కప్పు దగ్గరికి జరిగి, రుచి చూసి, ఉమ్మి, దాన్ని మొదటిదానికంటే గట్టిగా తిట్టారు.